కృత్రిమమేధ - కార్యాలయోద్యోగము - పనియందలి తృప్తి

మన పాఠశాలను విడిచిపోవు విద్యార్థులలో అనేకులు మరికొన్ని సంవత్సరములలో ఏదో యొక కార్యాలయమున బల్లయొద్ద కూర్చుండి పనిచేయువారగుదురు. ఒకరు బ్యాంకులోను, ఒకరు ఆసుపత్రి లెక్కల గదిలోను, ఒకరు ప్రభుత్వ కచేరిలోను, మరియొకరు హైదరాబాదు నందలి సాంకేతిక సంస్థలోను కుదురుకొందురు. వారి తలిదండ్రులు నేడు మమ్మడుగుచున్న ప్రశ్న యొక్కటే: "ఈ కృత్రిమమేధ వచ్చిన పిమ్మట మా పిల్లలకు ఉద్యోగములు మిగులునా?" ఈ ప్రశ్న న్యాయమైనదే. అయినను దీని ప్రక్కనే మరియొక ప్రశ్న కలదు; దానిని అడుగువారు తక్కువ. మిగిలిన యుద్యోగములో మనుష్యునికి ఎట్టి పని మిగులును? సాయంకాలము ఇల్లు చేరునప్పుడు "నేడు నేనొక పని చేసితిని" అని అతడు తృప్తితో చెప్పుకొనగలడా? ఈ రెండవ ప్రశ్నను గూర్చియే ఇచట కొంత విచారింతము.

ఈ యంత్రమెట్టిది?

యంత్రములు ఆలోచింపగలవా యను విషయమును ఆంగ్ల గణితవేత్తయగు ఆలన్ ట్యూరింగు 1950లో ఒక వ్యాసమున చర్చించెను. "కృత్రిమమేధ" అని మనము తెనిగించుకొన్న ఆంగ్లపదమును జాన్ మెకార్తీ మొదలగువారు 1955లో వ్రాసిన యొక ప్రతిపాదనలో వాడిరి. మరుసటి వేసవిలో అమెరికా నందలి డార్ట్‌మత్ కళాశాలలో ఆ విషయమై పండితులు సమావేశమైరి. ఆ తరువాత ఈ శాస్త్రము చాలకాలము పండితుల గదులలోనే పెరిగెను. 2022 నవంబరు 30వ తేదీన చాట్‌జీపీటీ యను సాధనము వెలువడిన పిమ్మట సామాన్యజనులు కూడ దీనితో మాటలాడుటకు మొదలిడిరి.

ఇది పనిచేయు విధమును ఒక చిన్న యుదాహరణముచే గ్రహింపవచ్చును. కచేరి యెదుట చెట్టునీడను కూర్చుండి అర్జీలు వ్రాయువారిని మీరు చూచియుందురు. "మహారాజరాజశ్రీ" యని వ్రాయగానే తరువాత ఏ మాట రావలెనో వారి కలమునకే తెలిసినట్లుండును. వేలకొలది అర్జీలు వ్రాసిన యలవాటు అది. ఈ యంత్రమును అట్లే లెక్కకు మించిన పుటల వ్రాతను చదివి, ఏ మాటల వెనుక ఏ మాట వచ్చుటకు ఎక్కువ అవకాశము కలదో గణించి, వాక్యములను పేర్చుకొనిపోవును. అందుచేత దాని వ్రాత సొంపుగా నుండును. కాని అర్జీలోని సంగతి నిజమా కాదా యనునది కలమునకు తెలియదు గదా! అట్లే తాను పేర్చిన వాక్యము సత్యమైనదని ఈ యంత్రము పూచీ పడజాలదు. ఈ యొక్క సంగతిని జ్ఞాపకముంచుకొన్నచో తక్కినదంతయు సులభముగా బోధపడును.

కార్యాలయములలో దీనికి అప్పగింపబడుచున్న పనులు ఇవి: ఉత్తరములకు చిత్తుప్రతులు వ్రాయుట, సమావేశములలోని మాటలను సంగ్రహించుట, దస్త్రములలో కావలసిన సంగతిని వెదకుట, ఒక భాషనుండి మరియొక భాషలోనికి మార్చుట, పట్టికలు సిద్ధపరచుట, వినియోగదారుల ప్రశ్నలకు జవాబు చెప్పుట. నిన్నటివరకు ఇవి క్రొత్తగా చేరిన గుమాస్తా పనులు.

పూర్వపు యంత్రములు నేర్పిన పాఠములు

కార్యాలయమునకు యంత్రము వచ్చుట ఇదియే మొదటిసారి కాదు. "కంప్యూటరు" అను మాటయే మొదట యంత్రము పేరు గాక మనుష్యుని యుద్యోగము పేరై యుండెను. మన దేశపు మహా త్రికోణమితి సర్వే శాఖలో 1831లో రాధానాథ్ సిక్దార్ అను బంగాళీ యువకుడు ఆ యుద్యోగమున చేరెను. నేడు ఎవరెస్టు అని పిలువబడు శిఖరము లోకములోని శిఖరములన్నిటికంటె ఎత్తైనదని 1852 ప్రాంతమున లెక్కగట్టిన ఘనత ఆయనదిగా చెప్పబడుచున్నది. అమెరికాలో డొరొతీ వాన్ అను నల్లజాతి మహిళ 1943లో లాంగ్లీ ప్రయోగశాలలో ఇట్టి యుద్యోగముననే చేరి, 1949 నాటికి ఒక గణకుల విభాగమునకు పెద్దయయ్యెను. పిమ్మట ఆ లెక్కలను చేయు విద్యుద్యంత్రములు వచ్చినవి. అప్పుడామె ఫోర్‌ట్రాన్ అను యంత్రభాషను తాను నేర్చుకొని, తన తోడివారికిని నేర్పెను. లెక్కచేయు పని యంత్రమునకు పోయినను, ఏ లెక్క ఎట్లు చేయవలెనో యంత్రమునకు చెప్పు పని వారికి దక్కెను.

మన ప్రాంతపు ఉదాహరణము నొకటి చూతము. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 1998లో "కార్డ్" అను పథకము క్రింద రెండువందలకు పైగా సబ్ రిజిస్ట్రారు కార్యాలయములలో కంప్యూటర్లు నెలకొల్పబడెను. అంతకు ముందు ప్రతి దస్తావేజును గుమాస్తాలు పెద్ద పుస్తకములలోనికి చేతితో నకలు వ్రాసెడివారు. ఒక భూమిపై తాకట్టు కలదో లేదో తెలుపు ఈ.సి. కావలెనన్నచో ఏండ్లతరబడి పుస్తకములను తిరుగవేయవలసి యుండెను. యంత్రము వచ్చిన పిమ్మట ఈ శ్రమ మిక్కిలి తగ్గెను. చేతితో నకళ్లు వ్రాయు ఆ దినములు మరల రావలెనని కోరువారు అరుదు. అయినను దస్తావేజు లేఖరుల యవసరము తీరిపోలేదు. ఏ కాగితము కావలెనో, ఏ మాట ఎట్లు వ్రాయించుకొనవలెనో సామాన్యునికి విప్పి చెప్పు మనుష్యుడు పిమ్మటను కావలసియే యుండెను.

ఇక బ్యాంకుల సంగతి. 1967 జూను 27వ తేదీన లండను సమీపమందలి ఎన్‌ఫీల్డులో బార్‌క్లేస్ బ్యాంకువారు డబ్బునిచ్చు యంత్రమును నెలకొల్పిరి. ఆ యంత్రములు వ్యాపించినప్పుడు కౌంటరు గుమాస్తాల పని ముగిసినదని పలువురు తలచిరి. జేమ్స్ బెస్సెన్ అను ఆర్థికవేత్త అమెరికాలోని లెక్కలను పరిశీలించి మరియొక విధముగా జరిగినదని చూపెను. 1988కిని 2004కును నడుమ పట్టణపు శాఖ యొక్కంటికి సుమారు 20 మందిగా నున్న గుమాస్తాలు సుమారు 13 మందికి తగ్గిరి. కాని శాఖ నడపు ఖర్చు తగ్గుటచే బ్యాంకులు మరిన్ని శాఖలు తెరచినవి. మొత్తము గుమాస్తాల సంఖ్య చాలకాలము తగ్గలేదు. నోట్లు లెక్కపెట్టుటకంటె వినియోగదారునితో మాటలాడి అతని యవసరము కనుగొనుట వారి ముఖ్యమైన పనియయ్యెను. ఇంతటితో కథ ముగియలేదు. చేతిఫోనులలోనే బ్యాంకు వ్యవహారము జరుగుట మొదలైన పిమ్మట ఆ దేశమున వారి సంఖ్య తగ్గుచు వచ్చినది. కావున "ఏమియు భయము లేదు" అనువారి మాటయు, "సర్వము నశించినది" అనువారి మాటయు తొందరపాటే. ఉద్యోగము పేరు నిలిచియుండగనే దాని లోపలి పని మారిపోవుచుండును. మనము గమనింపవలసినది ఈ లోపలి మార్పునే.

తృప్తి దేనివలన కలుగును?

పనియందు తృప్తి జీతమువలననే కలుగునని కొందరందురు. జీతము లేక గృహము నడవదు. దానిని తేలికగా తీసివేయరాదు. అయినను ఒకే జీతము పుచ్చుకొను ఇద్దరిలో ఒకడు ఉత్సాహముగను, ఒకడు నీరసముగను ఉండుట మనమెరిగినదే. దీనికి కారణములను హాక్‌మన్, ఓల్డ్‌హామ్ అను అమెరికా పండితులు 1970 తరువాతి దశకమున పరిశోధించి, అయిదు లక్షణములను పేర్కొనిరి. మొదటిది, పనిలో పలువిధములైన నేర్పులు వినియోగపడుట. రెండవది, ఒక పనిని మొదటినుండి తుదివరకు తానే చేసి ముగించుట. మూడవది, ఆ పని ఇతరుల జీవితమునకు మేలు చేయుట. నాలుగవది, తన విచక్షణచొప్పున నిర్ణయించుకొను స్వేచ్ఛ. అయిదవది, చేసిన పని బాగుగ నున్నదో లేదో తనకు తెలియుట.

ఈ అయిదింటిని ఒక గుమాస్తా బల్లపై పెట్టి చూతము. ఉపకారవేతనముల దరఖాస్తులు చూచు గుమాస్తా యొకడున్నాడనుకొనుడు. ఒక బాలిక దరఖాస్తు వచ్చినది. ఆధారు కార్డులో మరియమ్మ యనియు, బడి రిజిస్టరులో మేరీ యనియు ఉన్నది. మన క్రైస్తవ కుటుంబములలో బాప్తిస్మపు పేరొకటి, వాడుక పేరొకటి యుండుట సామాన్యము. అక్షరములు కలియలేదని యంత్రము ఆ కాగితమును ప్రక్కకు త్రోసివేయగలదు. మంచి గుమాస్తా యేమి చేయును? బాలికను పిలిచి మాటలాడును. తండ్రి పేరు, పుట్టిన తేది సరిచూచును. ప్రధానోపాధ్యాయునియొద్దనుండి ధ్రువపత్రము తెప్పించును. పిమ్మట పై యధికారికి కారణము వ్రాసి పంపును. నెల గడచిన పిమ్మట ఆ బాలిక వచ్చి "అయ్యగారూ, డబ్బులు పడినవి" యని చెప్పినప్పుడు అతనికి కలుగు సంతోషములో పై అయిదు లక్షణములును కలవు. అదే గుమాస్తాను రోజునకు మూడువందల దరఖాస్తులపై యంత్రమిచ్చిన తీర్పును "సరి" యని నొక్కుటకు మాత్రమే కూర్చుండబెట్టినచో, ఉద్యోగము మిగిలియుండియు ఆ సంతోషము మిగులదు.

పరిశోధనలు ఏమి తెలుపుచున్నవి?

కృత్రిమమేధ వచ్చిన పిమ్మట జరిగిన పరిశోధనలలో మూడింటిని చెప్పెదము. అమెరికాలోని మాసచూసెట్స్ సాంకేతిక విద్యాలయమునకు చెందిన నోయ్, జాంగ్ అను ఇరువురు 2023లో ప్రకటించిన దానిలో చదువుకొన్న ఉద్యోగులు సుమారు 450 మందికి లేఖలు, నివేదికలు మున్నగు వ్రాతపనులిచ్చిరి. యంత్రసహాయము పొందినవారికి పట్టిన కాలము సగటున నూటికి 40 వంతులు తగ్గెను. వ్రాత నాణ్యము నూటికి 18 వంతులు పెరిగెను. వారికి పనియందు తృప్తియు కొంత పెరిగెను. కాని యంత్రములను గూర్చిన యుత్సాహముతోపాటు కలవరమును వారిలో పెరిగెను.

రెండవది, బ్రిన్‌యాల్ఫ్‌సన్ మొదలగువారు ఒక సంస్థలో వినియోగదారుల ఫిర్యాదులకు జవాబు చెప్పు అయిదువేలమందికి పైగా ఉద్యోగులను గూర్చి చేసినది. యంత్రము ప్రక్కన కూర్చుండి సలహాలిచ్చినట్లుండగా, గంటకు తీర్చు ఫిర్యాదుల సంఖ్య సగటున సుమారు 14 శాతము పెరిగెను. క్రొత్తగా చేరినవారికి ఇది సుమారు మూడవవంతు పెరిగెను. అనుభవజ్ఞులకు మిక్కిలి స్వల్పము. ఏలయన, ఆ సలహాలు చాలవరకు అనుభవజ్ఞుల మంచి జవాబులనుండి యంత్రము నేర్చినవే. వినియోగదారుల మాటలు మెత్తబడెను. ఉద్యోగము విడిచిపోవువారును తగ్గిరి.

మూడవది హెచ్చరిక వంటిది. 2023లోనే వెలువడిన యొక పరిశోధనలో 758 మంది వ్యాపార సలహాదారులకు పరీక్ష పెట్టిరి. యంత్రమునకు చేతనైన పనులలో యంత్రము వాడినవారు ముందంజ వేసిరి. కాని యంత్రమునకు మించిన యొక సమస్యలో, యంత్రము లేనివారికంటె దానిని వాడినవారిలో సరియైన జవాబు చెప్పినవారు నూటికి సుమారు 19 మంది తక్కువైరి. సొంపైన వాక్యము వారి విచక్షణను నిద్రపుచ్చెను. పరీక్షలో జరిగినదే వ్యవహారములోను జరిగినది. అదే సంవత్సరము న్యూయార్కు న్యాయస్థానములో, యంత్రము కల్పించిన లేని తీర్పులను నిజమైనవిగా దాఖలు చేసినందులకు ఇద్దరు న్యాయవాదులకును వారి కార్యాలయమునకును కలిపి 5,000 డాలర్ల జరిమానా పడెను. యంత్రమును బోనులో నిలుపలేదు. సంతకము చేసినవారినే నిలిపిరి.

నిచ్చెనలోని క్రింది మెట్లు

పై సంగతులను చేర్చి చూచినచో ఒక సందేహము పుట్టును. యంత్రపు తప్పును కనుగొనుటకు అనుభవము కావలెను. అనుభవము ఎచటనుండి వచ్చును? చిన్న పనులు చేయుటనుండియే వచ్చును. వంద చిత్తుప్రతులు వ్రాసి, పెద్ద గుమాస్తాచే ఎర్రసిరాతో దిద్దించుకొన్నవాడే నూటయొకటవ దానిలోని లోపమును కనిపెట్టగలడు. ఆ చిన్న పనులన్నియు యంత్రమున కప్పగించి, క్రొత్తవానిని చేర్చుకొనుటయే మానినచో, నేటి పెద్ద గుమాస్తా విరమించిన దినమున ఆ స్థానమునకు ఎవరు వత్తురు? నిచ్చెనకు క్రింది మెట్లు తీసివేసి పై మెట్టుమీద నిలువుమనుట వంటిదగును. మన విద్యార్థులకు నిజముగా భయపడదగిన సంగతి ఇది యని మేము తలచుచున్నాము.

అయితే ఇట్లే జరిగి తీరవలెనను విధి యేదియు లేదు. ఇంగ్లండులోని బొగ్గుగనుల చరిత్రము ఇందుకు సాక్ష్యము. అచట పూర్వము కొద్దిమంది జట్టుగా చేరి, బొగ్గు త్రవ్వుట మొదలు బయటికి పంపుటవరకు తామే చేసెడివారు. యంత్రములు వచ్చిన పిమ్మట పనిని ముక్కలుచేసి, ఒక వంతువారు కోయుటయు, ఒక వంతువారు నింపుటయు, మరియొక వంతువారు యంత్రమును ముందునకు జరుపుటయు ఏర్పాటైనది. ఒకరి తప్పు ఒకరిపై పడెను. పనికి రానివారి సంఖ్య పెరిగెను. ట్రిస్టు, బామ్‌ఫర్త్ అనువారు 1951లో దీనిని వర్ణించి వ్రాసిరి. వీరిలో బామ్‌ఫర్త్ తానే పూర్వము గనిలో పనిచేసినవాడు. తరువాత డరహాం ప్రాంతపు గనులలో అట్టి యంత్రములతోనే, అందరును అన్ని పనులు పంచుకొను జట్లు ఏర్పడినచోట, బొగ్గు ఎక్కువగా వచ్చెను, గైరుహాజరు తగ్గెను. యంత్రము మారలేదు, మనుష్యులు పనిని పంచుకొన్న తీరు మారినది. గనికి సరిపడిన ఈ పాఠము కచేరికిని సరిపడును. యంత్రము పని వేగమును పెంచును. ఆ పనిలో మనుష్యుని పాలు ఎంతయో నిర్ణయించువారు మనుష్యులే.

మన విశ్వాసమును మన కర్తవ్యమును

పని యనునది పాపమువలన వచ్చిన శాపమని కొందరు తలంతురు. ఆదికాండము రెండవ అధ్యాయమును శ్రద్ధతో చదివినచో అట్లు కాదని తెలియును. నరుడు తప్పిపోకముందే దేవుడతనిని తోటలో ఉంచి, దానిని సేద్యపరచి కాచు పని నిచ్చెను. చెమటయు ముండ్లును మాత్రమే పిమ్మట వచ్చినవి. కావున చెమటను తగ్గించు యంత్రమును మనము కృతజ్ఞతతో స్వీకరింపవచ్చును. తోటను కాచు బాధ్యతను మాత్రము దానికి విడిచిపెట్టరాదు.

విద్యార్థులారా! మీకు మూడు మాటలు చెప్పెదము. వ్యాసరచన నిచ్చినప్పుడు మొదటి చిత్తుప్రతి మీ చేతితోనే వ్రాయుడు. యంత్రము ఎంత బాగుగ వ్రాసినను ఆ వ్రాతవలన బలపడునది మీ బుద్ధి కాదు. రెండవది, యంత్రము చెప్పిన ప్రతి సంగతిని "దీనికి ఆధారమేమి?" యని యడుగుటకు అలవాటుపడుడు, లెక్కను తిరిగి వేసి సరిచూచునట్లు దానిని సరిచూడుడు. మూడవది, ఎదుటి మనుష్యుని మాట ఓపికతో వినుట నేర్చుకొనుడు. యంత్రము మెత్తని మాటలు పేర్చగలదు; కాని మరియమ్మయు మేరీయు ఒక్కతెయేనని విచారించి, దానికి తాను పూచీపడి సంతకము చేయువాడు మనుష్యుడే.

తలిదండ్రులారా! ఏ చదువు చదివినచో యంత్రము రాదని మమ్మడుగుచున్నారు. అట్టి చదువు ఇది యని నిశ్చయముగ చెప్పుట తగదు. భాషయందును గణితమందును గట్టి పునాది, నిజము చెప్పు స్వభావము, క్రొత్తదానిని నేర్చుకొను వినయము - ఈ మూడును కలవాడు డొరొతీ వాన్ వలె మారిన కాలమునకు తానును మారగలడు. పని యిచ్చు స్థానమున నున్న పెద్దలకును మా విన్నపమొకటి. యంత్రము మిగిల్చిన కాలమును మరిన్ని కాగితములతో నింపివేయక, అందులో కొంత క్రొత్తవానికి పని నేర్పుటకు విడిచిపెట్టుడు. ఆ క్రొత్తవాడు మా విద్యార్థియే కావచ్చును.

రేపటి కార్యాలయమున యంత్రముండుట నిశ్చయము. అచట కూర్చుండు మన పిల్లలు యంత్రపు తీర్పుపై ముద్రవేయువారుగా మాత్రమే మిగులుదురో, ఆ తీర్పును తూచగల పనివారగుదురో యనునది ఇంకను తేలలేదు. అది తేలుచోటులలో ఈ బడి గదియు నొకటి. అందులకు తగిన జ్ఞానమును దేవుడు మనకందరికిని అనుగ్రహించును గాక!